పసుపు పట్టిన దుర్భిణి

ఆలూరు దాటాక బస్సు గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకు సుకుమార్ చేతిలోని దుర్భిణి జారి, పక్క సీటు ముసలాయన ఒళ్లో ఉన్న రేకు పెట్టె మీద ఠంగుమని పడింది.

"యా అల్లా! ఏం పడేసినవ్ భయ్యా? నా దుకాణమంత గిండ్లనే ఉన్నది!"

ముసలాయన కంగారుగా పెట్టె మూత తీశాడు. లోపల పాత బట్టల మడతల్లో కళ్లద్దాలు ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. ఏదీ పగల్లేదని తేలాకే దుర్భిణిని చేతిలోకి తీసుకున్నాడు.

"మాఫ్ చెయ్యి చాచా. చెయ్యి జారింది."

"ఆర్మూర్ బస్టాండ్ కాడికెల్లి చూస్తున్న నిన్ను. గీ దూర్బీన్ కంటికి పెడ్తున్నవ్, తీస్తున్నవ్, తిట్టుకుంటున్నవ్. అందుట్ల ఏమన్న పెండ్లాం కనబడుతున్నదా?"

సుకుమార్‌కు నవ్వు రావలసిన మాటే. రాలేదు. "ఏం కనబడ్తలేదు చాచా. గదే బాధ," అన్నాడు.

ముసలాయన పేరు అజ్మత్. వారపు అంగళ్లలో కళ్లద్దాలు అమ్ముతాడు. ఒకరోజు భీమ్‌గల్, ఒకరోజు ఏర్గట్ల, ఇవాళ దొంకేశ్వర్. కంటి డాక్టర్లు ఊళ్లలోకి రాకముందే ఇటువంటి మనుషులు పెట్టెలు పట్టుకుని వచ్చారు. వీళ్ల దగ్గర అక్షరాల అట్ట ఉండదు, ఎందుకంటే వచ్చేవాళ్లలో సగం మందికి అక్షరాలు రావు. సూదీ దారం ఉంటాయి. ముసలమ్మ ఒక్కొక్క అద్దం పెట్టుకుంటూ, తీస్తూ, ఏ అద్దంతో సూదిలో దారం ఎక్కిందో ఆ అద్దం కొనుక్కుని పోతుంది. చూపంటే ఏమిటో లావు పుస్తకాలు రాసినవాళ్లున్నారు గానీ, దారం ఎక్కడం కన్నా మంచి నిర్వచనం ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

"నీ కన్ను పోయింది బేటా," అన్నాడు అజ్మత్, సంగతేమిటో పూర్తిగా వినకుండానే. "నలభై దాటినవా? దాటినంక గంతే. ఇగో, గిది పెట్టు."

సుకుమార్ వద్దంటున్నా ముక్కు మీద ఒక అద్దం ఎక్కించేశాడు. ముందు సీటాయన మెడ మీది ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టేటంత స్పష్టంగా కనిపించింది. దుర్భిణిలోంచి మాత్రం కిటికీ అవతలి మక్కచేను ఇంకా అలికినట్టయింది.

అవతలి సీట్లో కోళ్ల గంప పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తియ్యకు కొడుకా, మంచిగున్నయి. అచ్చం ఇల్లుటం అల్లుడి లెక్కున్నవ్!"

బస్సులో నలుగురు నవ్వారు. సుకుమార్ అద్దాలు తీసి అజ్మత్ చేతిలో పెట్టాడు.

ఆమెకు తెలియదు. అతను నిజంగానే ఇల్లరికపుటల్లుడు.

ఏర్గట్లలో మెట్ట పొలం మీద బతికే ఇంట్లో పుట్టాడు. ఆర్మూర్‌లో పసుపు పాలిష్ పట్టే కార్ఖానా నడిపే లసుమవ్వకు మగడు పోయాడు, ఒక్కతే కూతురు మానస. చూసుకునే మనిషి కావాలి. పెళ్లిలో కులపెద్దల ముందు సుకుమార్ చేత ఒక మాట అనిపించారు: ఊరు దాటి కొలువుకు పోనని. అప్పుడతనికి అదేమంత పెద్ద మాట అనిపించలేదు, కొలువిచ్చేవాళ్లెవరూ లేరు గనక. తమాషా ఏమిటంటే, ఇంట్లో ఉండటానికి అల్లుడు దొరికాడు గనక కూతురు బయటికి పోగలిగింది. మానస ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. పొద్దున బస్సెక్కుతుంది, పొద్దుగూకాక దిగుతుంది, అక్కడి కబుర్లు మొగుడికి తెచ్చి చెబుతుంది.

లసుమవ్వ గయ్యాళి అయితే ఇంత చిక్కు ఉండేది కాదు. కాదామె. కోడి కోస్తే మొదటి ముక్క అల్లుడికే వేస్తుంది. "కొడుకా" అని తప్ప పిలవదు. ఏదడిగినా కాదనదు. కంప్యూటరు నేర్చుకుంటానంటే, విత్తనాల దుకాణం పెడతానంటే, ఒక్కసారి సముద్రం చూసొస్తానంటే, అన్నింటికీ ఒకటే జవాబు: "పసుపు అయినంక పో కొడుకా, ఎవరొద్దన్నరు?" పసుపు అయ్యేసరికి మక్కల పని వస్తుంది. మక్కలయ్యేసరికి కార్ఖానా రేకులు బాగుచేయించాలి. ఈలోగా మళ్లీ పసుపు తవ్వుతుంటారు.

ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు డ్రమ్ములో పోసి తిప్పుతుంటే పైపొట్టు రాలి, ఆ దుమ్ము మనిషిని పట్టుకుంటుంది. చెవుల్లో పసుపు, కనురెప్పల మీద పసుపు. చెమట కూడా పచ్చగానే కారుతుంది. ఇంట్లో తలగడలు ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు వదలదు. సూర్యుడి వెలుతురే ఆ రంగుదేమోనని అతనికి ఒక్కొక్కసారి అనుమానం వచ్చేది.

పసుపు చూసి రమ్మని లసుమవ్వ పంపితే, కొన్నేళ్ల కింద దొంకేశ్వర్ వచ్చాడు. పని అయ్యాక ఊరికే పోచంపాడు డ్యాం వెనక నిలిచిన నీళ్ల అంచుకు నడిచాడు. అక్కడ తల మీద రెండు నల్లగీతలున్న బూడిదరంగు బాతులు, ఆవుల మంద లాగా గడ్డి మేస్తున్నాయి. వాటిని ఫోటోలు తీయడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన, అవి మంచుకొండల అవతల నుంచి, ఆ కొండల మీదుగానే ఎగిరి వస్తాయని చెప్పాడు. గాలి పల్చబడి మనిషి ఊపిరాడక కూలబడే ఎత్తున అవి రెక్కలాడిస్తాయట. అంత కష్టపడి వచ్చేది దొంకేశ్వర్‌లో గడ్డి తినడానికి! సుకుమార్ ఆ రోజంతా నిలబడిపోయాడు. పోయిన చలికాలం చివర్న ఆయన కొత్త దుర్భిణి కొనుక్కుని, పాతది ఇతనికిచ్చేశాడు. ఆ ఇంట్లో సుకుమార్‌ది అంటూ ఉన్న వస్తువు అదొక్కటే. అందుకే దాన్ని చూపించలేదు. కరెంటు కాంటా వచ్చాక మూలపడ్డ పాత తక్కెడ పెట్టెలో దాచాడు. దొంకేశ్వర్ పసుపు చూడాలని అబద్ధం చెప్పి వస్తుండేవాడు.

దసరా దాటి చలి ముదిరేసరికి ఆ బాతులు వస్తాయి, మోదుగపూలు రాలే వేళకు పోతాయి. పసుపు పనీ సరిగ్గా అప్పుడే.

ఈ ఏడు నీళ్ల ఒడ్డున గుడారాలు వేశారు. పక్షుల లెక్క తీసే ఒక సంఘం వాళ్లకు స్థానికుడు ఒకడు కావాలి. బాతులున్నన్నాళ్లు ఇక్కడ, తర్వాత వేరే చెరువుల మీద. వాళ్ల పెద్ద పద్మలత కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మనిషి. పోయిన వారం ఇతన్ని ఒడ్డున చూసి, మాట్లాడి, "ఒకరోజు పొద్దున్నే రండి, బురద మీద ఏమున్నాయో మీరు నాకు చెప్పాలి, దాన్నిబట్టి చూద్దాం," అంది. ఆ రోజు ఇవాళే. ఇవాళ కుదిరితే పసుపులోంచి బయటపడతాడు, కుదరకపోతే మళ్లీ ఇటువంటి మాట అడిగేవాళ్లు రారు.

దుర్భిణి చూస్తే ఇలా ఉంది. ఈ చలికాలమంతా దాని చూపు కుదరలేదు. నడిమి చక్రం ఎటు తిప్పినా, ఉన్న పిట్టకు దాని దయ్యం తోడుగా కనిపిస్తుంది. కాసేపు చూస్తే కణతలు లాగుతాయి. మెత్తటి బట్టతో అద్దాలు తుడిచాడు. లోపల చెమ్మ చేరిందేమోనని బియ్యం డబ్బాలో పెట్టాడు. రెండు గుండ్రాలు ఒకటయ్యేదాకా గొట్టాలను మడిచి, విప్పి చూశాడు. ఏమీ మారలేదు.

దొంకేశ్వర్‌లో బస్సు దిగాక అతను నేరుగా నీళ్ల వైపు పోలేదు. ఈ చూపుతో పోయి ఏం చెబుతాడు? అజ్మత్ అంగడి మొదట్లో గుడ్డ పరిచి అద్దాలు పేరుస్తుంటే పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నా కన్ను కాదు చాచా."

"అందరు గదే అంటరు. మా ఇంటామె గూడ పప్పుల రాళ్లు ఏరకుంట ఏసి, దుకాణపోడు మోసం చేసిండన్నది." అజ్మత్ నీళ్ల ట్యాంకు వైపు వేలు చూపాడు. "గా ట్యాంకు మీద అక్షరాలున్నయా? దూర్బీన్ పెట్టి, ఎడమ కన్ను మూసి కుడి కంటితోని చూడు."

"మసక."

"గిప్పుడు కుడి మూసి ఎడమతోని."

"సాఫ్‌గ ఉంది."

"అయిపాయె! కుడి కన్ను పోయింది. నేనేం చెప్పిన?" అజ్మత్ పెట్టెలోకి చేయి పెట్టాడు.

సుకుమార్ ఆ చేతిని పట్టి ఆపాడు. తర్వాత దుర్భిణిని పక్కకు జరిపి, ఎడమ కన్నును కుడి గొట్టానికి ఆనించాడు. మసక. కుడి కన్నును ఎడమ గొట్టానికి పెట్టాడు. ట్యాంకు మీద రాలిపోతున్న సున్నం పెచ్చు కూడా కనిపించింది.

"కన్ను కాదు చాచా, గొట్టం!" గట్టిగానే అరిచాడు.

చేతికొచ్చిన గిరాకీ పోయినందుకు అజ్మత్ మొహం కొంచెం వాడింది. అయినా దుర్భిణి అందుకుని, తన అద్దాల్ని చూసుకునేటట్టు, ముక్కు దగ్గర పెట్టుకుని తిప్పాడు. కుడికంటి గొట్టం అంచున ఉంగరంలా ఒక పట్టీ ఉంది. దాని మీద గీతలు.

"గిదేంది?"

"షోకుకు పెట్టిండ్రనుకున్న."

"షోకా? ప్లస్సు, మైనస్సు రాసి ఉన్నది చూడు. నా అద్దాల మీద గివే ఉంటయి. బేటా, గిది కంటి నంబరు! ఎవల కన్నుకు వాళ్లు తిప్పుకునుడు."

సుకుమార్ తెల్లబోయాడు. ఇచ్చినాయన చూపూ తన చూపూ ఎలా కలిశాయో, తీసుకున్న రోజు నుంచీ అది సరిగ్గానే ఉండేది. ఎడమ కంటికి నడిమి చక్రం, ఆ తర్వాత కుడి కంటికి ఈ ఉంగరం తిప్పుకోవాలని చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు తిప్పబోయాడు. కదల్లేదు. వేలు నొప్పి పుట్టింది గానీ, ఉంగరం గొట్టంతో పాటే పుట్టినట్టు బిగుసుకుని ఉంది. సందులో పచ్చగా ఏదో గట్టిపడి ఉంది.

"ఆర్మూరోళ్ల సామాను, పసుపు ఉండక ఏముంటది," అన్నాడు అజ్మత్.

పెట్టె అడుగు నుంచి సన్నటి నైలాన్ తీగ తీశాడు. సగం ఫ్రేము అద్దాలను బిగించే తీగ అది. దాన్ని ఉంగరం సందులో చుట్టి, చెవి గులిమి తీసినంత నాజూకుగా అటూ ఇటూ లాగాడు. పొడి రాలింది. తర్వాత ఒక పెచ్చు ఊడి అతని అరచేతిలో పడింది. అజ్మత్ దాన్ని గోటితో తిప్పి చూశాడు.

"గిది కార్ఖానా దుమ్ము గాదు. తడిపి పెట్టిన పసుపు. నడుమ ఎర్రగ కుంకుమ ఉన్నది చూడు."

"కుంకుమేంది?"

"బొట్టు బేటా. నా పక్కన చెప్పులు కుట్టే ముత్తెన్న దసరాకు తన సామానుకు పెట్టుకొని, మిగిలింది నా పెట్టెకు పెడ్తడు. వద్దంటె వింటడా? ఇగో." పెట్టె మూల వెలిసిపోయిన మరక చూపించాడు. "నీ దూర్బీన్‌కు ఎవలో పూజ చేసిండ్రు."

సుకుమార్ ఆ పెచ్చును తన అరచేతిలోకి తీసుకున్నాడు.

దసరా నాడు కార్ఖానాలో అన్నింటికీ పసుపూ కుంకుమా పెడతారు. డ్రమ్ముకు, మోటారుకు, పారలకు, కాంటాకు. మూలపడినా సరే, పాత తక్కెడకు కూడా. అది లసుమవ్వ మగడి చేతి తక్కెడ. ఆ పండుగ రోజు డ్రమ్ము ముందు కొబ్బరికాయ కొడుతూ, పళ్లెం పట్టుకుని లోపలికి పోతున్న అత్తను అతను చూశాడు కూడా. ఇల్లంతా వెతికి వెతికి, ఏడాదికొకసారి తప్పకుండా తెరిచే పెట్టెలోనే దాచుకున్నాడు!

అజ్మత్ తీగ ఇంకోసారి లాగి, ఉంగరాన్ని మెల్లగా మెలిపెట్టాడు. కిర్రుమని కదిలింది. "చూడు గిప్పుడు."

ట్యాంకు అక్షరాలు రెండు కళ్లలోనూ ఒక్కటై నిలబడ్డాయి. ట్యాంకు మెట్టు మీద కాకి ముక్కు తుడుచుకుంటోంది. ఇన్నాళ్ల తర్వాత లోకం అంచులు తిరిగొచ్చాయి. అతనికి సంతోషం కలగలేదు. ఫోను తీసి ఇంటికి చేశాడు.

"పసుపు చూసినవా కొడుకా?" అంది లసుమవ్వ. వెనక డ్రమ్ము చప్పుడు లేదు.

"అత్తమ్మా, దసరాకు పాత తక్కెడ పెట్టె తీసినవా?"

"తియ్యకుంటె ఎట్ల? మీ మామ తక్కెడ గదా. నీ పిట్టలు చూసేది గూడ గండ్లనే ఉండె. దాన్ని మంచిగ తిప్పి తిప్పి తుడిచి, దానిక్కూడ బొట్టు పెట్టిన. ఇంట్ల సామానుకు అన్నిటికి పెట్టి, దానికొక్కదానికి పెట్టకుంటె మంచిగుంటదా?"

ఇంట్ల సామాను. సుకుమార్ ఫోను రెండో చెవికి మార్చాడు. "పిట్టలని నీకెట్ల ఎరుక?"

"దొంకేశ్వర్‌ల పసుపు ఎంత, నువ్వు పోయే బస్సులెన్ని?" ఆమె నవ్వింది. "మొగోనికి ఏదో ఒక షోకు ఉంటది. మీ మామకు పత్తాలాట ఉండె. నువ్వు పిట్టలు చూస్తవ్, పొద్దుగూకె యాళ్లకు ఇంటికొస్తవ్. నాకేం ఫికరు?"

అడవికి పోయి సాయంత్రం కొట్టానికి చేరే బర్రెను గురించి కూడా ఆమె ఇంతే నిమ్మళంగా మాట్లాడుతుంది. ఆ నిమ్మళమే అతని చేత ఆ మాట అనిపించింది.

"అత్తమ్మా, ఈడ నాకు కొలువిచ్చేటట్టున్నరు. పిట్టల కాడ. గుడారాలల్ల ఉండాలె."

 తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మంచిదే గదా కొడుకా! పసుపు అయినంక పో."

"అప్పటికి పిట్టలుండయి."

"మళ్ల ఏడు రావా అవి? యాడికి పోతయి? నీకు మాట్లాడరాదు, మొగమాటం. గా సారో మేడమో, వాళ్లతోని నేను మాట్లాడత. పెద్దమనుషుల కాడ మనమిచ్చిన మాట గూడ ఉన్నదాయె, నేనే ఏదన్న చెప్త వాళ్లకు. ముందుగాల జల్ది రా, డ్రమ్ము బెల్టు తెగింది. కూలికొచ్చిన రత్నవ్వోళ్లు చేతులు ముడుచుకొని కూసున్నరు. చారు మసలబెట్టి ఉంచుత."

ఫోను పెట్టేసింది.

"ఎవలు?" అన్నాడు అజ్మత్.

"మా అత్తమ్మ."

"మంచామె లెక్కున్నది."

"మంచామెనే చాచా. ఆమె చెడ్డదైతే నేను ఎప్పుడో బయటపడుదు."

అజ్మత్ ఏదో అనబోయాడు గానీ, ఒక ముసలమ్మ వచ్చి సూది అడిగింది. సుకుమార్ లేచి నీళ్ల దారి పట్టాడు.

నీళ్లు వెనక్కి పోయిన చోట నేల పెచ్చులు పెచ్చులుగా పగిలి, ఆ పగుళ్లలోంచి లేతగడ్డి లేచింది. ఇంకొంచెం ముందుకు పోతే బురద, బురద అవతల కంటికి అందినంత నీరు. ఒడ్డు వంపు దగ్గర గుడారాలు. వాటికి చాలా ఇవతల పద్మలత, మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టిన పెద్ద దుర్భిణిలో కన్ను పెట్టి ఉంది. తల తిప్పలేదు.

"ఆలస్యమైంది మీకు. సరే, చెప్పండి."

అతను దుర్భిణి ఎత్తాడు. ఎడమ కంటికి చక్రం తిప్పాడు, కుడి కంటికి ఉంగరం. బురద ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. బాతుల తలల మీద రెండేసి నల్లగీతలు, దిద్దినట్టు. వాటి కాళ్ల సందుల్లో, మట్టిబెడ్డలే పరిగెడుతున్నాయా అన్నట్టు, ఉల్లంకి పిట్టలు. అన్నీ ఒకటే రంగు, అయినా ఒక్కొక్కటి పరిగెత్తే తీరు వేరు. కుట్టుమిషను సూదిలా పొడిచేవి కొన్ని, నాలుగడుగులు పరిగెత్తి ఆగి ఆలోచించేవి కొన్ని. అతను చెబుతూ పోయాడు. పేరు తెలియనిదాన్ని అది చేసే పనితో చెప్పాడు. ఒకచోట తప్పాడు.

"అది మీరన్నది కాదు. ముక్కు చూడండి," అంది పద్మలత. "ఫరవాలేదు, నేనూ మొదట్లో అట్లాగే పొరబడ్డాను." అప్పుడు కన్ను తీసి ఇతని వైపు చూసింది. "మిగతావి నేర్చుకోవచ్చు. సోమవారం నుంచి రండి. అయితే ఇంట్లో చెప్పి రావాలి. పోయినేడు వేరే చెరువు మీద ఒకతను ఇట్లాగే చెప్పకుండా వచ్చాడు, వాళ్ల నాయన వచ్చి లెక్క మధ్యలో తీసుకుపోయాడు."

ఇంట్లో చెప్పి రావడం ఎలా ఉంటుందో సుకుమార్‌కు చూడకుండానే తెలుసు. తలుపుకు ఎవరూ గొళ్లెం పెట్టరు. గొంతు పెంచరు. కాళ్లకు నీళ్లిస్తారు. వేడన్నంలో చారు పోస్తారు. తెగిన బెల్టు అతనే అతికిస్తాడు, ఎందుకంటే ఇంకెవరికీ రాదు. డ్రమ్ము తిరగడం మొదలుపెడుతుంది. పసుపు అయినంక అనే మాట ఎవరూ అనక్కర్లేదు, అతనే అనుకుంటాడు. ఇక్కడ మోదుగలు పూసి రాలిపోతాయి. గడ్డి మీద బాతుల పెంటలు తప్ప ఏమీ మిగలవు.

"ఇయాలనే ఉంట మేడం. మా మానసకు రాత్రి ఫోన్‌ల చెప్త."

"మరి పెద్దవాళ్లకు?"

జేబులో ఫోను మోగింది. లసుమవ్వ. అతను దాన్ని బయటికి తీశాడు. తర్వాత వేలితో నొక్కి పద్మలతకు అందించాడు.

"మా అత్తమ్మ. మీతోని మాట్లాడతదట."

ఆమె అర్థంకాక అందుకుంది. "హలో? నమస్తే అమ్మా... ఆఁ, నేనే..."

సుకుమార్ సంచీ భుజాన వేసుకున్నాడు. దుర్భిణి మెడలో వేలాడుతోంది. బురద అంచు వెంబడి గుడారాల వైపు నడక మొదలుపెట్టాడు.

"లేదమ్మా, ఏప్రిల్‌లో ఏముంటాయమ్మా ఇక్కడ... మీ పసుపు సంగతి నిజమే గానీ... అవునమ్మా, చాలా మంచివాడు... ఉండండి, ఆయనకే ఇస్తాను... సుకుమార్ గారూ! సుకుమార్ గారూ!"

బాతులు తలలెత్తి అతన్ని చూశాయి. దారిచ్చేటంత మాత్రం పక్కకు జరిగి, మళ్లీ గడ్డిలో మూతులు పెట్టాయి. అతను వాటి మధ్యలోంచి నడిచిపోయాడు.